మేనరికం మీద నెపం

ఎమ్మిగనూరు,
12 జూన్ 2023.

అమ్మకు శివలీల నమస్కారాలు.

ఉత్తరం చూసి గాబరా పడొద్దు. ఫోన్లు ఉన్న ఈ రోజుల్లో ఉత్తరం వచ్చిందంటే చావు కబురో కోర్టు నోటీసో అనుకుంటావని నాకు తెలుసు. ఈ ఇంట్లో ఫోను మామ జేబులో ఉంటుంది. పక్కింటి ముబీనా ఫోను అడుక్కుని చేద్దామంటే, అక్కడ నాయన నీ ఫోను మగ్గం పక్కన పెట్టుకుని స్పీకరు వేసి వీధికంతా వినిపిస్తాడు. ఇది వీధికి వినిపించే సంగతి కాదు. చదివి పొయ్యిలో పెట్టు.

నాకు మళ్లీ నెల తప్పింది. నాలుగో నెల నడుస్తోంది. ఐదో నెల దాకా ఎవరికీ చెప్పకూడదు, దిష్టి తగులుతుందని నువ్వు అంటావు. పోయిన రెండుసార్లూ అట్లాగే దాచి, కడుపు బయటపడ్డాక రాజంపేటలో ఆ ప్రైవేటు ఆసుపత్రికి పోయాం. మొదటి బిడ్డ చనిపోయి పుట్టినప్పుడు అక్కడి డాక్టరు అడిగింది ఒకటే. మేనరికమా అని. నా తమ్ముడికే ఇచ్చుకున్నానని నువ్వు చెప్పావు. ఆమె తలూపింది, అందరికీ జవాబు దొరికిపోయింది. రెండోసారి ఆ మాత్రం కూడా ఎవరూ అడగలేదు.

ఈసారి ముబీనా నా చెయ్యి పట్టుకుని సర్కారు ఆసుపత్రికి లాక్కుపోయింది. రక్తం తీసి చూస్తే సిఫిలిస్ అని తేలింది. పాతకాలం వాళ్లు సవాయి రోగం అనేవాళ్లట. మొగుడూ పెళ్లాల మధ్య కలయికతో అంటుకునే జబ్బు. కడుపులో బిడ్డకు కూడా పాకుతుందట. నేను ఏడుస్తుంటే డాక్టరమ్మ అంది: "ఏడవాకు తల్లీ. ఇది శానామందికి వచ్చేదే, పెన్సిలిన్ సూదితో పోయేదే. నీ బిడ్డలు పోయింది మేనరికం వల్ల కాదు, దీనివల్లే అనిపిస్తాండాది." వారానికి ఒకటి లెక్కన మూడు సూదులు. అయితే నా మొగుడిగా మామ కూడా వచ్చి చూపించుకుని వేయించుకోవాలట. లేకపోతే నాకు నయమైనా ఆయన దగ్గర నుంచి మళ్లీ అంటుకుంటుందట.

నేను ఆయన్ను తప్ప ఎవరినీ ఎరగను. ఆయన చీరల మూటతో ఊర్లు తిరుగుతాడు, లాడ్జీల్లో పడుకుంటాడు. ఇంతకు మించి రాయను, నేను తగువుకు రావడం లేదు. నాకు బిడ్డ కావాలి. ఆయన నా మాట వినడు, నీ మాట వింటాడు. అవ్వ చనిపోయాక నీ చంకలో పెరిగినవాడు. కాపురానికి పోతూ కూడా నువ్వు వెంటబెట్టుకు పోయినవాడు. పోయి సూది వేయించుకోమని ఒక్క మాట చెప్పమ్మా.

తాత రామలింగప్ప కులాసా. ఆయన్ను తాత అనాలో మామగారు అనాలో తెలియక ఇన్నేళ్లుగా ఏదీ అనకుండా నెట్టుకొస్తున్నాను.

నీ కూతురు
శివలీల


రాజంపేట,
21 జూన్ 2023.

బంగారు తల్లి శివలీలకు మీ అమ్మ దీవెనలు.

పొయ్యిలో పెట్టమన్నావు. గ్యాసు వచ్చాక పొయ్యి ఎక్కడుందే? చింపి నీళ్లలో నానబెట్టి పారబోశాను. మీ నాయన ఏం ఉత్తరం అంటే రేషను కార్డు కాగితం అన్నాను. ఇక్కడ వాన చుక్క లేదు. ఎండకు నూలు పుటుక్కున తెగిపోతోంది, మీ నాయన దాని మీద కోపం నా మీద చూపిస్తున్నాడు.

నెల తప్పిందని చదివి కళ్ల నీళ్లు వచ్చాయి. ఆ తరువాతది తలుపు గడియ పెట్టి మళ్లీ చదివాను. ఏం మాటలే అవి? నా తమ్ముడు అట్లాంటివాడు కాదు. ఎవరో ఏదో రాసిచ్చిన కాగితం పట్టుకుని మొగుడి మీద అంత మాట అంటారా? ఇంటి గుట్టు లంకకు చేటు అని ఊరికే అనలేదు. ముబీనా మంచి పిల్లే, కానీ అన్ని సంగతులూ ఆమెకు తెలియాల్సిన పని లేదు.

దోషం ఉంటే అది మేనరికానిదే. మా అమ్మ పెట్టిన దీపం ఆ ఇంట్లో ఆరిపోకూడదని నిన్ను ఇచ్చాను. రక్తం రక్తం కలిసింది, బిడ్డలు నిలవలేదు. దానికి వాడేం చేస్తాడు, నువ్వేం చేస్తావు? వట్టి మనిషికే సూదులు వేడి చేస్తాయి, నాలుగో నెలలో ఏమిటే? మన వీధిలో అబ్బిగాడి పెళ్లాం ఏవో మాత్రలు మింగి కడుపు పోగొట్టుకుంది. నువ్వు మళ్లీ ఆ ఆసుపత్రికి పోవద్దు. మంత్రాలయం స్వామికి మొక్కుకున్నాను. ఆయన పిలిస్తే పలుకుతాడు.

సజ్జరొట్టెలు తినడం మానవద్దు. మెట్ల మీద బరువులు ఎత్తవద్దు.

మీ అమ్మ
హనుమమ్మ


ఎమ్మిగనూరు,
4 జూలై 2023.

అమ్మకు,

క్షేమ సమాచారాలు తరువాత. నీ మాట కాదని నేను సూది వేయించుకున్నాను. ఆ రోజు సాయంత్రం చలిజ్వరం వచ్చింది, ఒళ్లంతా నొప్పులు. తాత చూసి, సూదే తగలబెట్టిందని నువ్వు అన్నట్టే అన్నాడు. నేను కూడా హడలిపోయాను. కానీ డాక్టరమ్మ ముందే చెప్పింది. మందుకు లోపలి పురుగు చచ్చేటప్పుడు అట్లా జ్వరం వస్తుంది, మళ్లీ పోతుంది, కడుపులో ఏమైనా తేడాగా ఉంటే వెంటనే రమ్మని. తెల్లారేసరికి తగ్గిపోయింది. రెండోది కూడా వేయించుకున్నాను. మూడోది వేయించుకుంటాను. నువ్వు తిట్టదలుచుకుంటే మూడూ అయ్యాక ఒకేసారి తిట్టు.

మేనరికం వల్ల కొన్ని జబ్బులు వస్తాయట, నిజమే, నేను అదీ అడిగాను. కానీ సూదికి లొంగే జబ్బు మేనరికం నుంచి రాదమ్మా. ఇది మనిషి నుంచి మనిషికి వస్తుంది. మొదట ఒక పుండు లేస్తుంది. నొప్పి ఉండదు, దానంతట అదే మానిపోతుంది. తరువాత ఒంటి మీద మచ్చలు వస్తాయి, అవీ పోతాయి, ఒక్కోసారి మళ్లీ వస్తాయి. పోయిందనుకుంటాం గానీ లోపల ఉంటుందట. పోయిన ఏడాది దసరా ముందు మామ అరచేతుల్లో, అరికాళ్లలో రాగిరంగు మచ్చలు వచ్చాయి, నీకు గుర్తుందా? కొత్త రంగు పడలేదని, నూలు అద్దకం పీర్ బాషా చేత మానిపించి వేరేవాళ్లకు ఇచ్చాడు. పాపం ఆ ముసలాయన ఇప్పటికీ నా రంగులో ఏం లోపం అని అడుగుతుంటాడు. మచ్చలు పోయాయి, చూశావా రంగు మార్చాక తగ్గిందని మామ గొప్పగా చెప్పుకున్నాడు.

నేను ఆయనకు చెప్పాను. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. చెయ్యి ఆపలేదు. "నాకు నొప్పి లేదు, నవ లేదు. నేను యాడికీ రాను. నీకేమన్నా ఉంటే నువ్వు సూపిచ్చుకో" అన్నాడు. నేను ఊరుకోక, అమ్మ చెప్పినా పోవా అన్నాను. అప్పుడు ఆపాడు. "మా యక్క సెప్తే యాడికైనా పోతా" అన్నాడు.

చూశావా, అంతా నీ చేతిలో ఉంది. ఆయన వేయించుకునే దాకా దూరంగా ఉండమన్నారు, నేను తాత గది ముందు పడుకుంటున్నాను. ఎంతకాలం కుదురుతుందో తెలియదు. నీ మనవడో మనవరాలో బతకాలంటే చెప్పు. నీకు సిగ్గయితే కళ్లు మూసుకుని చెప్పు.

శివలీల


రాజంపేట,
22 జూలై 2023.

నా తల్లి శివలీలకు,

చెప్పేశాను. ఇంక ఆ గొడవ మరిచిపో.

వాడు ఇటువైపు అంగళ్లకు చీరలు వేయడానికి వచ్చి ఇంటికి వచ్చాడు. చిక్కిపోయాడు. అలసందల వడలు చేసి పెట్టాను, చిన్నప్పుడు తిన్నట్టే వేడిగా ఉండగానే మూకుట్లో నుంచి లాక్కుని తిన్నాడు. మీ నాయన మగ్గం దిగి బజారుకు పోయాక పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. నువ్వు బాగుండాలన్నా, పిల్ల బాగుండాలన్నా ఇట్లా చెయ్యాలి నాయనా అన్నాను. తల వంచుకుని విన్నాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. "నువ్వు సెప్పినావు గదక్కా, సేస్తా" అన్నాడు. పోయేటప్పుడు నా కాళ్లకు దండం పెట్టాడు. నాకు దుఃఖం ఆగలేదు.

కాబట్టి ఇంక వాడిని ఎత్తిపొడవొద్దు. జరిగినదేదో జరిగింది. పీర్ బాషాకు మళ్లీ అద్దకం పని ఇప్పించు, పెద్దవాడి ఉసురు మనకెందుకు.

మీ నాయనకు ఆయాసం మళ్లీ మొదలయింది. నెత్తిన గొడుగు పెట్టుకుని ఆవు వెంట తిరుగుతాడు, మందు వేసుకోమంటే మాత్రం వినడు.

మీ అమ్మ


ఎమ్మిగనూరు,
2 సెప్టెంబరు 2023.

అమ్మకు శివలీల వేయి దండాలు,

నువ్వు ఎదురుగా ఉంటే నిన్ను ఎత్తుకుని తిప్పేదాన్ని. నీ బరువుతో నా నడుం విరిగేది.

మామ ఎక్కడికో చెప్పకుండా మూట దించి, ఊరికి పోతున్నానని పోయాడు. చాలా రోజులు ఫోను కూడా లేదు. తాత గుమ్మంలో కూర్చుని దారి చూడటమే పని. మొన్న గుండుతో దిగాడు. ఎండకు నల్లబడ్డాడు, ముఖం మాత్రం తేటగా ఉంది. నేను నీళ్లు ఇస్తే తాగి, "అక్క సెప్పినట్టు అంతా సేసి వచ్చినా. ఇంక నీకు బయం లేదు" అన్నాడు. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించుకుని, పనిలో పనిగా మంత్రాలయం కూడా పోయి వచ్చి ఉంటాడు. ఊరి ఆసుపత్రిలో అయితే అందరూ చూస్తారని సిగ్గేమో. నేను గుచ్చి గుచ్చి అడగలేదు. అంత దూరం పోయి వచ్చిన మనిషిని ఆసుపత్రి చీటీ చూపించమనడానికి నాకు నోరు రాలేదు. ఎత్తిపొడవొద్దని నువ్వు కూడా రాశావు కదా.

నా మూడు సూదులూ అయిపోయాయి. బిడ్డ బాగా కదులుతోంది. మగ్గం చప్పుడు మొదలుపెడితే ఎగురుతుంది, ఆపితే పడుకుంటుంది. నేతగాళ్ల బిడ్డే. తాత గది ముందు నుంచి నా పడక మళ్లీ లోపలికి మారింది, అంతకంటే రాస్తే నువ్వు సిగ్గుపడతావు. పెళ్లయిన కొత్తలో ఉన్నట్టుంది.

ముబీనాకు చెబితే కళ్ల నీళ్లు పెట్టుకుంది. పీర్ బాషా మళ్లీ మన నూలు అద్దుతున్నాడు.

నీ శివలీల


రాజంపేట,
20 సెప్టెంబరు 2023.

చల్లని తల్లి శివలీలకు,

నీ ఉత్తరం చింపలేదు. పసుపు డబ్బా వెనక దాచుకుని రోజూ చదువుకుంటున్నాను.

నా తమ్ముడి గురించి నేను చెప్పలేదూ? ఆ స్వామి దగ్గర వాడు చేసిన సేవ మామూలుది కాదే. నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. తెల్లవారుజామున తుంగభద్రలో మునిగి, తడిబట్టలతో ప్రదక్షిణాలు చేసి, ఒక్కపూట తిని, కటిక నేల మీద పడుకున్నాడు. చివర తల నీలాలు ఇచ్చాడు. నువ్వేదో ఆసుపత్రి అని రాశావు. అక్కడికి ఎందుకు పోతాడు? సూది అనే మాట నా నోట ఎట్లా వస్తుందే? నేను నీళ్లు పోసి, జడ వేసి, జోల పాడి పెంచినవాడు. వాడితో ఆ జబ్బు పేరు ఎత్తి, ఎక్కడ తెచ్చుకున్నావని అడిగితే మళ్లీ వాడు నా గడప తొక్కుతాడా? మా అమ్మ గుర్తుగా నాకు మిగిలింది వాడొక్కడే. దోషం ఏదైనా దోషమే, స్వామి కడిగేశాడు. ఇప్పుడు నువ్వూ వాడూ చల్లగా ఉన్నారు, అదే గుర్తు.

ఏడో నెల దాటక ముందే నిన్ను తీసుకురావడానికి నేనే వస్తాను. గాజులు ఆకుపచ్చవి తేనా, ఎర్రవి తేనా?

మీ అమ్మ


కర్నూలు,
30 అక్టోబరు 2023.

అమ్మకు,

గాజులు ఏ రంగువైనా ఒకటే.

నీ ఉత్తరం చదివిన రోజే ముబీనాను తీసుకుని ఆసుపత్రికి పోయాను. తగ్గిన జబ్బు మళ్లీ అంటుకుంది, రక్తంలో ముందుకంటే ఎక్కువ చూపించింది. వెంటనే మళ్లీ సూదులు మొదలుపెట్టారు. కాన్పుకు కనీసం నెల ముందు మందు పడితే బిడ్డకు కాపు అవుతుందని డాక్టరమ్మ చెప్పింది. నెల దొరకలేదు. నొప్పులు ముందే వచ్చాయి, ఇక్కడ కర్నూలు పెద్దాసుపత్రికి పంపారు.

ఆడపిల్ల. ఏడ్చింది. ఆ ఏడుపు నేను విన్నాను. పొట్ట ఉబ్బి ఉంది, చేతుల మీద తోలు ఊడిపోతోంది. అద్దాల పెట్టెలో పెట్టి మందు ఎక్కించారు. వాళ్లు చేయగలిగిందంతా చేశారు. మర్నాడు మధ్యాహ్నం పోయింది. పేరు పెట్టలేదు. నీ పేరు పెడదామనుకున్నాను.

మామ వచ్చాడు. ఇప్పుడన్నా సూది వేయించుకో అని ఆయన కాళ్లు పట్టుకున్నాను. "మొక్కు సెల్లిచ్చినాక సూది ఏసుకుంటే సామిని నమ్మనట్టు గదా" అన్నాడు. నా మీద కోపంతో అనలేదమ్మా. భక్తితో అన్నాడు. నువ్వు ఆయనకు నేర్పింది అదే. తాత కూడా వచ్చాడు, వరండాలో కూర్చుని వచ్చినవాళ్లందరికీ మేనరికం, మేనరికం అని చెబుతున్నాడు.

ఆయన మీద కంటే నాకు నీ మీద కోపంగా ఉంది. ఆయన నా మాట నమ్మలేదు. నీ మాట నమ్మేవాడు, నువ్వు చెప్పలేదు.

నేను ఎమ్మిగనూరు పోవడం లేదు. ముబీనా మేనత్త చాంద్ బేగం ఇక్కడ కుట్టు మిషన్లు పెట్టుకుంది, వాళ్లింట్లో ఉన్నాను.

శివలీల


రాజంపేట,
8 జనవరి 2024.

శివలీలకు అమ్మ రాసేది.

నువ్వు ఫోను ఎత్తవు. వస్తే గుమ్మంలో నుంచి పంపించావు. నాకు రాయడం ఒక్కటే మిగిలింది. అన్నం తింటే దిగడం లేదు. పాపను నాకు ఒక్కసారి చూపించి ఉంటే బాగుండేది అనిపిస్తుంది, చూడకపోవడమే మేలు అని కూడా అనిపిస్తుంది.

నీకు ఈ సంగతి ఇతరుల నోటి నుంచి తెలియకూడదని రాస్తున్నాను. పెద్దవాళ్లు కూర్చున్నారు. మేనరికంలో మూడుసార్లు బిడ్డలు నిలవలేదు కాబట్టి వాడికి బయటి సంబంధం చేస్తే వంశం నిలుస్తుందన్నారు. విడాకుల కాగితాలు పంపిస్తారు. నువ్వు కూడా ఆ ఇంటికి పోనన్నావు కదా. కోడుమూరు దగ్గర మన నేతవాళ్లే, ఏమీ చుట్టరికం లేనివాళ్లు. పిల్ల పేరు లక్ష్మీదుర్గ. డిగ్రీ మధ్యలో ఆపిందట. వాడికి తల్లి లేదు కాబట్టి పెళ్లిచూపులకు అక్కగా నన్నే రమ్మంటున్నారు. నేను పోకపోతే ఎవరు పోతారు?

నన్ను శపించవద్దు.

మీ అమ్మ


కర్నూలు,
25 జనవరి 2024.

అమ్మకు,

కాగితాల మీద సంతకం పెట్టి పంపించాను. ఏడుపు రాలేదు. నా రక్తం మళ్లీ పరీక్ష చేశారు, జబ్బు తగ్గుముఖం పట్టింది. సూదితో పోయేదని మొదటి రోజే చెప్పారు కదా, పోతోంది. అంత చిన్న పనికి మనం ఎంత పెద్ద చుట్టు తిరిగాం.

నేను నిన్ను శపించను. ఒకటే అడుగుతాను. ఆ పిల్లను చూడటానికి పోయినప్పుడు వాళ్లమ్మను పక్కకు పిలిచి చెప్పు. పెళ్లి ఆపమని చెప్పొద్దు. అబ్బాయికి రక్తపరీక్ష చేయించి, సూది వేయించి, తగ్గాక చేసుకోండి అని చెప్పు. మామ నా మాట, డాక్టరు మాట వినకపోయినా పిల్లనిచ్చేవాళ్లు అడిగితే కాదనలేడు. ఆయనకూ అదే మంచిది. ఆ జబ్బు ముదిరితే గుండెకు, తలకు ఎక్కుతుందట. నీ తమ్ముడి కోసమైనా చెప్పు.

నువ్వు చెప్పకపోతే నేనే పోయి చెబుతాను.

శివలీల


రాజంపేట,
19 ఫిబ్రవరి 2024.

శివలీలకు,

నువ్వు వాళ్లింటికి పోయావని నాకు తెలిసింది.

నేను పోయినప్పుడు ఏం జరిగిందో ముందు రాస్తాను. పిల్ల చామనఛాయ, నీలాగే పెద్ద నవ్వు. కాఫీ తెచ్చి ఇస్తూ, అందరూ వాడిని చూస్తుంటే నన్ను చూసి నవ్వింది. వాళ్లమ్మ నన్ను పెరట్లోకి తీసుకుపోయి కరివేపాకు చెట్టు చూపించింది. ఇద్దరమే ఉన్నాం. చెబుదామని నోరు తెరిచాను. నీ మీద ఒట్టు, తెరిచాను. కొమ్మ ఒకటి ఇమ్మని అడిగి వచ్చేశాను. పిల్ల తలలో పూలు పెట్టింది కూడా నేనే.

తరువాత నువ్వు పోయి వాళ్లతో అంతా చెప్పావట. విడిచిపెట్టిన పెళ్లాం కడుపుమంటతో చెప్పిందని వాళ్లింట్లో మగవాళ్లు అన్నారట. వాళ్లమ్మ మాత్రం నమ్మీ నమ్మక నాకు ఫోను చేసింది. పెళ్లి పనులు ఆపి పెట్టారంది. మీ నాయన పక్కనే ఉన్నాడు, నా తమ్ముడు రామాంజి కూడా ఆ రోజు ఇక్కడే ఉన్నాడు. ఫోను ఎప్పటిలాగే స్పీకర్లో ఉంది. "నువ్వు ఆ పిల్లకు తల్లివి, ఈ పిల్లోనికి తల్లి మాదిరి అక్కవు. నీకంటే ఎవురికి తెలుస్తాది? నీ కూతురు సెప్పింది నిజమా? నువ్వు అవునంటే ఆపేస్తా, కాదంటే సేస్తా" అంది.

రామాంజి నా ముఖంలోకి చూస్తున్నాడు. చిన్నప్పుడు తప్పు చేసి నా కొంగు వెనక దాక్కుని చూసినట్టే చూశాడు. వాడికి ఇప్పుడు తెలుసే. నేను వాడికి చెప్పనిది వాడికి తెలుసునని ఆ చూపులో నాకు కనిపించింది.

నీకు అబద్ధం రాయను. నీ బిడ్డల్ని తలుచుకున్నాను. ఆ పిల్ల నవ్వును కూడా తలుచుకున్నాను. తలుచుకుని కూడా, మా కూతురికి బిడ్డలు పోయి మతి నిలకడ లేదమ్మా, అంతా మేనరికం వల్లే, మీ పిల్లకు ఏ భయం లేదు అన్నాను.

ఆమె ఏడ్చేసింది. "బతికించినావు తల్లీ, మనసు నిమ్మళమైంది" అని ఫోను పెట్టేసింది.

మీ అమ్మ
హనుమమ్మ